చివరి నుంచి నేర్పే విద్య

చొక్కా గుండీ పెట్టుకోవడం మనకు ఒక్క పని. ఆక్యుపేషనల్ థెరపిస్టు కంటికి అదే నాలుగైదు పనులు. ఒక చేత్తో కాజా అంచు పట్టుకోవాలి. రెండో చేత్తో గుండీని వాల్చి అందులోకి దూర్చాలి. అవతల తేలిన అంచును వేళ్లతో అందుకోవాలి. కాజా వదలకుండా లాగాలి. మేధో వైకల్యం ఉన్న పిల్లాడికి గుండీలు పెట్టుకోవడం రాదని ఇంట్లోవాళ్లు చెబితే, వాడు వీటిలో ఎక్కడ ఆగిపోతున్నాడో థెరపిస్టు ముందు చూస్తారు.

తర్వాత నేర్పే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. చాలాసార్లు చివరి మెట్టు ముందు నేర్పుతారు. గుండీని థెరపిస్టే సగందాకా దూర్చి ఉంచుతారు. పిల్లాడు లాగితే చాలు. లాగాడు, పడింది! పని పూర్తయింది, పూర్తి చేసిందీ వాడే. అది చేతికి అలవాటయ్యాక అంచు అందుకోవడం కూడా వాడికే వదిలేస్తారు. అలా ఒక్కో మెట్టూ వెనక్కి జరుగుతారు. ఎంత నేర్చినా, ఎంత నేర్వకున్నా ప్రతిసారీ పాఠం ముగిసేది వాడి గెలుపుతోనే. మొదటి మెట్టు నుంచి మొదలుపెడితే సగంలో చేతులెత్తేసిన పిల్లాడికి మిగిలేది పెద్దవాళ్ల విసుగే.

చేతిసాయానికీ ఒక లెక్క ఉంది. థెరపిస్టు పక్కనో వెనకనో కూర్చుంటారు. ఎదురుగా కూర్చుంటే కుడి ఎడమలు తారుమారవుతాయి. మొదట పిల్లాడి చేతిమీద చెయ్యి వేస్తారు. కొన్నాళ్లకు అది మణికట్టు దగ్గరికి, ఆపైన మోచేతి దగ్గరికి జరుగుతుంది. తర్వాత వేలితో చూపిస్తారు, చివరికి అదీ మానేస్తారు. త్వరపడి తీసేస్తే పిల్లాడు బెదురుతాడు. ఆలస్యం చేస్తే ఆ చెయ్యి వచ్చేదాకా కదలడు. ఎప్పుడు ఎంత తగ్గించాలో తెలియడమే ఈ వృత్తిలో అసలు పనితనం.

ఆస్పత్రి గదిలో వచ్చిన పని ఈ పిల్లలకు ఇంట్లో రాకపోవచ్చు. అందుకే మంచి థెరపిస్టు ఇంట్లో ఎలా తింటారు, ఎక్కడ స్నానం చేస్తారు అని అడుగుతారు. చేత్తో అన్నం తినడం నేర్పాలంటే చారన్నంతో కాదు, ముద్ద విడిపోని పప్పన్నంతో మొదలుపెట్టమంటారు. అంచు ఎత్తుగా ఉన్న పళ్లెం ఇచ్చి, అది జారకుండా కింద తడిగుడ్డ వేయమంటారు. కాళ్లు నేలకు ఆనేలా కూర్చోబెట్టమంటారు. నడుము నిలకడగా ఉంటేనే చెయ్యి నిలుస్తుంది.

మన దేశంలో ఆక్యుపేషనల్ థెరపీకి 1950లో ముంబైలో బడి పెట్టించింది కమలా నింబ్కర్. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థ 1984 నుంచి మేధో వైకల్యం ఉన్నవారి కోసమే పనిచేస్తోంది.

ఈ పిల్లలు పెద్దయ్యాక వాళ్లకు పని నేర్పేటప్పుడు, పనిని మనిషికి తగ్గట్టు మలిచే ఈ ఆలోచన ఎంత దూరం వెళ్తుందో ఒక చెక్కముక్క చూపిస్తుంది. దానికి పది గుంటలుంటాయి. ఒక్కో గుంటలో ఒక్కో కొవ్వొత్తి పెట్టాలి. ఖాళీ గుంట కనబడకపోతే పెట్టెలోకి ఎత్తాలి, అంతే. పది లెక్కపెట్టడం రాని మనిషి పెట్టెకు సరిగ్గా పదేసి సర్దుతాడు. లెక్క చెక్క చూసుకుంటుంది, శ్రద్ధ అతనిది. లెక్కలు వచ్చేదాకా పని ఇవ్వనంటే అతను జీవితమంతా గడప దగ్గరే కూర్చోవాల్సి వచ్చేది. మనిషిని మార్చడానికి ముందు పనిని మార్చి చూసే ఈ తెలివికి నేను చేతులెత్తి దండం పెడతాను.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగులకు కనీసం 4 శాతం కేటాయించింది. అందులో 1 శాతం మేధో వైకల్యం, ఆటిజం వంటివి ఉన్నవారి వాటా. అది కొందరికే అందుతుంది. మిగతావారికి పని దొరకాల్సింది మన వీధిలోని బేకరీలో, ప్రింటింగ్ ప్రెస్‌లో, ప్యాకింగ్ షెడ్డులో. అలాంటిది నడుపుతున్నవారు మీలో ఉంటే, దగ్గర్లోని ప్రత్యేక పాఠశాలకు ఒకసారి వెళ్లి అక్కడి థెరపిస్టును మీ షెడ్డుకు పిలవండి. మీ దగ్గరున్న పనుల్లో ఏది ఎవరి చేతికి ఒదుగుతుందో వాళ్లు చూసి చెబుతారు.