సాలంతటికీ ఒక్క ఫోను

నా పాడ్‌కాస్ట్ మూడో ఎపిసోడ్‌లో మొత్తం పదకొండు తుమ్ములు పడ్డాయి. రాత్రంతా కూర్చుని తొమ్మిది కోసేశాను. మిగతా రెండూ రైతు రేటు చెబుతున్న చోటే పడ్డాయి. వాటిని తీస్తే రేటు కూడా పోతుంది. ఉంచేశాను. మార్చి నెలలో గుంటూరు మిర్చి యార్డులో మైకు పట్టుకుని నిలబడ్డవాడికి ఇంతకన్నా శుభ్రమైన శబ్దం దొరకదు. డల్లాస్‌లో ఉంటున్న నా పాత శిష్యుడొకడు, "ఆ రెండు తుమ్ములూ బాగున్నాయి సార్, తీయకండి" అని మెసేజ్ పెట్టాడు. మిగతా తొమ్మిదీ దాచి ఉంచాల్సింది.

నేను పేటలో లెక్కల మాస్టార్ని. పేట అంటే చిలకలూరిపేట. ఇటు గుంటూరు, అటు ఒంగోలు, మధ్యలో హైవే, చుట్టూ నల్లరేగడి, అందులో పత్తి, మిరప. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక మేము పల్నాడు వాళ్లమయ్యాం, పక్కనున్న మార్టూరు బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. అయినా మా ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ గుంటూరు జిల్లా అనే చెబుతారు. బడి వదిలాక నా సంచి తీస్తాను. అందులో ఒక సెకండ్ హ్యాండ్ కెమెరా, అరచేతిలో పట్టే రికార్డరు, కాలరుకు పెట్టుకునే మైకు, పవర్ బ్యాంకు ఉంటాయి. అవి కాక ఒక పెయింటు బ్రష్షు, పది పంటిపుల్లలు కూడా. చివరి రెండూ ఏ యూట్యూబు వీడియోలోనూ చెప్పరు. కళ్లంలో గంటసేపు తిరిగితే ఫోను చార్జింగు రంధ్రంలో ఎర్రటి పొడి చేరుతుంది. కేబులు పెడితే అది ఇంకా లోపలికి కూరుకుపోతుంది. నిదానంగా పంటిపుల్లతో తీయాలి. తీసిన చేత్తో కన్ను నలుపుకోకూడదు. ఈ సంగతి నాకు ఒక్కసారికే బాగా తెలిసొచ్చింది. యార్డు మధ్యలో నిలబడి లెన్సు మార్చకూడదని మాత్రం రెండోసారికి గానీ తెలియలేదు.

పాడ్‌కాస్ట్ అనే మాట 2004 ఫిబ్రవరిలో గార్డియన్ పత్రికలో బెన్ హ్యామర్స్‌లీ అనే విలేఖరి రాసిన వ్యాసంలో పుట్టింది. ఐపాడ్‌లో సగం, బ్రాడ్‌కాస్ట్‌లో సగం తీసి అతికించాడు. ఆపిల్ వాళ్లు 2022లో ఆ ఐపాడ్‌నే ఆపేశారు. ఐపాడ్ ముఖమే చూడని మా పేటలో నేను ఆ పేరుతో వారానికొక అరగంట మాట్లాడుతుంటాను. వినేవాళ్లు నలభై చిల్లర మంది. అందులో సగం సముద్రాల అవతల ఉన్నారు.

ముందు ఫోటోల సంగతి చెప్పాలి. నాకు మొట్టమొదట బుద్ధి చెప్పింది మిరపకాయే. డిసెంబరు దాటాక మా దారుల్లో ఎటు చూసినా ఎరుపే. కళ్లాల్లో పట్టాలు పరిచి కాయ ఆరబోస్తారు. అంత రంగు కళ్లముందుంటే ఫోటో దానంతటదే వచ్చేస్తుందనుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే కాయలే లేవు. నేల మీద ఎర్ర దుప్పటి పరిచినట్టుంది, ముడత లేదు, నీడ లేదు, తొడిమ కూడా సరిగ్గా కనపడదు.

తప్పు కెమెరాది కాదు, లెక్కది. కెమెరా సెన్సరు మీద చిన్న చిన్న గడులుంటాయి. కొడాక్ ఇంజినీరు బ్రైస్ బేయర్‌కి 1976లో పేటెంటు వచ్చిన అమరిక అది. ప్రతి నాలుగు గడుల్లో రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. మన కంటికి ఆకుపచ్చ దగ్గర వెలుగు ఎక్కువగా తెలుస్తుంది కాబట్టి వెలుతురు కట్టే లెక్కలో కూడా ఆకుపచ్చకు సుమారు 72 పాళ్లు, ఎరుపుకు 21, నీలానికి 7 వేస్తారు. మిరప రాశి ముందు ఆకుపచ్చ ఎక్కడుంది? "అబ్బో, ఇక్కడ చీకటిగా ఉంది" అనుకుని కెమెరా వెలుతురు పెంచేస్తుంది. అసలే నిండుగా ఉన్న ఎరుపు గరిష్ఠమైన 255 దగ్గర గోడకు కొట్టుకుని ఆగిపోతుంది. అక్కడి నుంచి ఒక కాయకూ ఇంకో కాయకూ తేడా ఉండదు. మందు తేలికే. ఎక్స్‌పోజరు ఒక మెట్టు కిందికి దించడం, మిట్టమధ్యాహ్నం కాకుండా పొద్దున్నే వెళ్లడం. వెలుతురు పంపకం చూపించే హిస్టోగ్రాములో మూడు రంగులనూ విడివిడిగా చూడటం కూడా అప్పుడే అలవాటైంది. పదో తరగతి పిల్లలకు సగటు ఎలా మోసం చేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇలా నేర్చుకున్నానని మురిసిపోతుండగా మార్టూరు దగ్గర ఒక రైతు అడిగాడు. "మాస్టారూ, ఆ కెమెరాతో నా కాయ తీసి పెట్టండి, గుంటూరులో కమీషన్ కొట్టాయనకి వాట్సాప్‌లో పంపుతా." వంగి, మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో కాయ ముడత కనపడేట్టు తీశాను. ఆయన ఫోటో చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తాలు కూడా కనపడతన్నాయి గదండీ" అన్నాడు. నిజమే, రంగు పోయి తెల్లబారిన కాయలు అక్కడక్కడా మెరుస్తున్నాయి. చివరికి తన ఫోనుతో తనే ఎండలో నిలబడి టపీమని ఒకటి కొట్టి పంపించాడు. ఎర్ర దుప్పటి! ఆ ఫోటో అందుకున్నాయన కూడా అమాయకుడేం కాదు. యార్డులో ఫోటో చూసి ఎవరూ రేటు కట్టరు. సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు తీస్తారు, పిసుకుతారు, ఒకటి విరిచి చెమ్మ చూస్తారు, వాసన చూస్తారు. తేజ రకం అయితే కారం, బాడిగ రకం అయితే రంగు. బాడిగ అంటే కర్ణాటకలోని బ్యాడగి ఊరి పేరే, మన నోట్లో పడి అలా అయింది. 334 అనే కాయకైతే పేరే లేదు. మా లాం పరిశోధన ఫారం వాళ్ల ఎల్‌సీఏ 334లో అక్షరాలు రాలిపోయి అంకె మిగిలింది. నలభై కిలోల పైచిలుకు తూగే టిక్కీ సంచులు వేలకు వేలు దిగే ఆ యార్డులో నా కెమెరాతో ఎవరికీ పనిలేదు.

శబ్దం సంగతి వేరు. శబ్దం నాకు పూర్తిగా తెలుసుననుకున్నాను.

నా స్టూడియో ఒక బొంత. మంచం మీద కూర్చుని, రెండు దూది పరుపులు చెరో పక్క నిలబెట్టి, తల మీదుగా బొంత కప్పుకుని మాట్లాడతాను. పత్తి పండే చోట ఇంతకన్నా చవకైన సరంజామా ఉండదు. గొంతులోని సన్నటి ధ్వనులన్నీ దూది పీల్చేస్తుంది, గది మోత పోతుంది. లావు ధ్వనులను మాత్రం పీల్చలేదు. వంద హెర్ట్‌జ్ ధ్వని తరంగం దాదాపు మూడున్నర మీటర్ల పొడవుంటుంది, దాన్ని బాగా పట్టాలంటే అందులో నాలుగో వంతు మందం కావాలి. అంటే ఎనభై అయిదు సెంటీమీటర్ల పరుపు! అందుకే పక్కింటి ఇన్వర్టరు గుయ్‌మనేది నా ప్రతి ఎపిసోడ్‌లోనూ అడుగున ఉంటుంది. దాన్ని సాఫ్ట్‌వేరుతో తీస్తాను. ఆ తర్వాత 'ఆఁ', 'అంటే' తీస్తాను. మాటకూ మాటకూ మధ్య ఖాళీలు తీస్తాను. ఊపిరి పీల్చిన చప్పుడు కూడా తీసేస్తాను. చివర్లో గొంతుకు అడుగున కాస్త గంభీరం కలుపుతాను. ఇదంతా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చేసే పని.

కిందటేడు జనవరిలో కోతల దగ్గరికి వెళ్లాను. కర్నూలు పడమటి నుంచి, కోసిగి, ఆదోని వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే మిరప కోతలకు మా వైపు వస్తాయి. ఆడవాళ్లు సాళ్లు పట్టుకుని వంగి కోస్తున్నారు. వాళ్లలో ఒకావిడ కొంగున ఫోను కట్టుకుంది. పాట వస్తోంది. అటు ముగ్గురు, ఇటు నలుగురు అదే వింటున్నారు. పాట నచ్చకపోతే నాలుగో సాలు నుంచి కేక వస్తుంది, "మార్చక్కా!" ఆవిడ మారుస్తుంది. చేతులు మాత్రం ఆగవు. నేను నా ఎపిసోడ్ ఒకటి పెట్టమన్నాను. పెట్టింది. అంతే, నా గంభీరం మాయమైపోయింది. ఫోను స్పీకరు అగ్గిపెట్టెంత ఉండదు, మూడు వందల హెర్ట్‌జ్ కిందివి దాని వల్ల కావు. మంచం మీద కూర్చుని నేను కలిపిన అడుగు అంతా గాలికి పోయి, మిగిలింది ఎవరో గోడ అవతల గొణుగుతున్నట్టుంది. రెండు నిమిషాలు ఓపిక పట్టి, "సారూ, పాట పెట్టుకుంటాం" అంది.

చెవిలో పెట్టుకుని ఒక్కళ్లే వినడం మా వైపు కొత్త అలవాటు. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ఆ రోజుల్లో ఊరి పంచాయతీ రేడియో అంటే లౌడ్‌స్పీకరుతో అరుగు మీద పదిమందికి వినపడేదే. అంతకు ముందు సంగతి చెప్పాలంటే బుర్రకథ. తాడికొండ దగ్గరి పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ పల్నాటి యుద్ధం చెబుతుంటే జనం నేల మీద కూర్చుని విన్నారు. ఆయన పుట్టింది దూది ఏకే వాళ్ల ఇంట్లో. తన జీవితం చెప్పి రాయించుకున్న పుస్తకానికి కూడా దూదేకేవాడు అనే అర్థంలో 'పింజారి' అని పేరు పెట్టుకున్నాడు. బొంత కింద కూర్చున్నప్పుడల్లా నాకు ఆ పేరు గుర్తొస్తుంది. ఒకసారి పక్క ఊళ్లో బుర్రకథ రికార్డు చేశాను. వేలికి పెట్టుకున్న అందెలు ఖణేల్‌మన్నప్పుడల్లా మీటరు ఎర్రగీత దాటిపోయింది, దాని సంగతి సరే. ఇంటికొచ్చి అలవాటు కొద్దీ ఖాళీలన్నీ కోయబోయాను. ఒక్క ఖాళీ లేదు! కథకుడు ఊపిరి తీసుకోవడానికి ఆగిన ప్రతిచోటా పక్కన నిలబడ్డ వంతలు అందుకున్నారు. ఆ రోజు దాన్ని వింతగా చూశానే గానీ, ఇంకేమీ ఆలోచించలేదు.

ఇక ఉల్లిపాయల ఆటో. మా వీధికి రోజూ పొద్దున వస్తుంది. ఆటో టాపు మీద కోను స్పీకరు, లోపల చిన్న యాంప్లిఫయరు, దానికి మెమరీ కార్డు. ఆ కార్డు పాడైపోయింది. ఆయన నన్ను పట్టుకున్నాడు. "మాస్టారూ, మీ దగ్గర పెద్ద మైకు ఉందంట గదా." ఇంటికి పిలిచి, బొంత కింద కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, మూడుసార్లు చెప్పించాను. "ఉల్లిపాయలు, ఉల్లిపాయలు, వందకి నాలుగు కేజీలు, వెల్లుల్లిపాయలు ఉన్నాయమ్మా." నాకు తెలిసిన విద్యంతా ప్రయోగించాను. ఇరవై రెండు సెకన్లు, మచ్చలేని శబ్దం, తిరిగి తిరిగి వచ్చేట్టు అతికించి ఇచ్చాను.

నాలుగో రోజు వచ్చాడు. "ఏమనుకోమాకండి మాస్టారూ. చక్కగానే ఉంది. వార్తలు చదివినట్టుంది. నా గొంతని ఎవరికీ తెలియట్లా, ఆడోళ్లు బయటికి రావట్లా."

ఈసారి బుర్ర పెట్టాను. కోతల దగ్గర పడ్డ దెబ్బ గుర్తుంది. నాలుగు వందల హెర్ట్‌జ్ కిందిదంతా కోసేశాను, కోను ఎలాగూ దాన్ని పలికించదు. మాట స్పష్టంగా తెలిసేది రెండు వేలకూ నాలుగు వేలకూ మధ్య, అక్కడ పెంచాను. గదిలో ఇయర్‌ఫోన్లతో వింటే చెవులు కోసేస్తోంది. తెల్లారి ఆయనతో పాటు ఆటోలో కూర్చుని వీధి చివర నుంచి వినిపించాను. గొంతు గొంతులా ఉంది, మూడు వీధుల అవతలికి పోతోంది. నా మొహం వెలిగింది. ఆయన మొహం వెలగలేదు.

"ఏందయ్యా, ఇంకా ఏముంది?"

"ఆపట్లేదు గదండీ."

"ఏది?"

"ఇది. ఒకటే మోత. ఎక్కడన్నా కాస్త ఆగితే గదా, వాళ్లు పిలిచేది నాకు వినపడేది!"

ఇంటికెళ్లి చివర నాలుగు సెకన్లు ఖాళీ పెట్టాను. ఏమీ లేని నాలుగు సెకన్లు. కార్డులో వేసి ఇచ్చాను.

నిన్న పొద్దున ఏడింటికి ఆటో మా వీధిలోకి తిరిగింది. ఉల్లిపాయలు, వందకి నాలుగు కేజీలు, వెల్లుల్లిపాయలు ఉన్నాయమ్మా. ఆగింది. ఆ ఆగిన చోట మా వంటింటి కిటికీలోంచి మా ఆవిడ కేకేసింది.

"ఇదిగో, ఇటు రా!"