నవ్వు ఎవరి మీద?

విదేశాలకు టూరు వెళ్ళివచ్చిన మధ్యతరగతి దంపతుల హాస్యానుభవాలు తెలుగులో ఒక రచనాశాఖగా స్థిరపడ్డాయి. విమర్శకులు మాత్రం వీటిని కాలక్షేపం కింద జమకట్టి పక్కన పెడుతున్నారు. ఇది పొరపాటని నా అభిప్రాయం. ఒక వర్గం తన్ను తాను ఏమనుకుంటున్నదీ తెలుసుకోవాలంటే, ఆ వర్గం దేన్ని చూసి నవ్వుతున్నదో గమనిస్తే చాలు.

ఈ ఆలోచనకు కారణం మా పుత్తూరులో జరిగిన ఒక చిన్న సమావేశం. పదవీ విరమణ చేసిన నా సహోపాధ్యాయుడొకరు భార్యతో కలిసి ఐరోపా టూరు చేసివచ్చి, ఆ ముచ్చట్లను వ్యాసంగా రాసి మాకు చదివి వినిపించారు. ఊరగాయ సీసా విమానాశ్రయంలో పోగొట్టుకోవడం, నీళ్ళసీసా ధరను రూపాయల్లోకి మార్చుకుని దాహం చంపుకోవడం, పాయిఖానాకు చిల్లర లేక భార్యను గుమ్మం దగ్గర నిలబెట్టడం, బస్సు ఎక్కేటప్పుడల్లా మేనేజరు పిల్లల్ని లెక్కపెట్టినట్టు తలలు లెక్కపెట్టడం. అందరం కడుపుబ్బ నవ్వాం. నేనూ నవ్వాను. నవ్వి ఇంటికి వచ్చాక ఒక లెక్క తేలింది. పది హాస్య సంఘటనల్లో ఏడు భార్య అమాయకత్వం మీద, రెండు డ్రైవరు మీద. రచయిత తన మీద తాను వేసుకున్నది ఒక్కటే.

మన హాస్య సంప్రదాయం ఇలాంటిది కాదు. మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిష్టర్ పార్వతీశం' మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు నుంచి సీమకు బయలుదేరిన ఆ కుర్రవాడు మద్రాసులో ఆడవాళ్ళ టోపీ కొని నెత్తిన పెట్టుకుంటాడు. ఆ కథ చెబుతున్నది ఎవరు? పార్వతీశమే. అందుకే ఆ నవ్వులో విషం లేదు. దాంపత్య హాస్యానికి ఆద్యుడైన మునిమాణిక్యం నరసింహారావు మనలాగే బడిపంతులు. కథ చెప్పేవాడు భర్తే అయినా, గెలిచేది కాంతమే. చెప్పేవాడే ఓడిపోవడం ఈ ఇద్దరి హాస్యానికీ ఆయువుపట్టు.

గుంపు యాత్ర హాస్యానికి ప్రపంచ సాహిత్యంలో పెద్ద ఉదాహరణ మార్క్ ట్వేన్. 1867లో 'క్వేకర్ సిటీ' అనే ఓడలో అమెరికన్ యాత్రికుల గుంపుతో ఐరోపాకూ పాలస్తీనాకూ వెళ్ళి, 1869లో 'ఇన్నోసెంట్స్ అబ్రాడ్' ప్రచురించాడు. తోటి యాత్రికుల డాంబికాన్నీ, తన అజ్ఞానాన్నీ ఆయన వదలలేదు. కానీ అదే పుస్తకంలో ఏ ఊరి గైడుకైనా ఫెర్గూసన్ అని ఒకే పేరు తగిలిస్తాడు. అసలు పేరు పలకడం కష్టమట! అంతటివాడిలోనూ ఈ బలహీనత ఉంది. పొట్టకూటికి దారి చూపేవాడి పేరు చెరిపేస్తే వాడిమీద నవ్వడం సులువవుతుంది.

అయితే టూరునే ఎగతాళి చేసే మేధావులతోనూ నేను ఏకీభవించను. 1841 జూలై 5న థామస్ కుక్ లెస్టర్ నుంచి లఫ్‌బరోకు మద్యనిషేధ సభ కోసం సుమారు 500 మందిని ఒక్కొక్కరికి ఒక షిల్లింగు చొప్పున రైల్లో తీసుకువెళ్ళాడు. తర్వాత అది పెద్ద వ్యాపారమైంది, నిజమే. కానీ ప్రయాణమనేది ప్రభువుల సొత్తుగా ఉన్న కాలంలో సామాన్యుడికి తలుపు తెరిచింది అలాంటి ఏర్పాటే. భాష రాని, దారి తెలియని పంతులు దంపతులకు ఈనాటికీ వేరే తలుపు లేదు. జీవితమంతా కూడబెట్టి పదిరోజులు లోకం చూసివచ్చిన వాళ్ళను చూసి నవ్వే హక్కు మనకు లేదు.

మళ్ళీ ఆ సమావేశానికి వస్తాను. వ్యాసంలో అన్నిటికన్నా పెద్ద నవ్వు తెప్పించిన ఘట్టం డ్రైవరుది. సాయంత్రం చీకటి పడకముందే ఊరు చేరాలని అందరూ తొందరపడుతుంటే అతడు బస్సు ఆపి ముప్పావుగంట కదలలేదట. 'తెల్లవాడి మొండితనం' అని రచయిత చమత్కారం. నవ్వులు తగ్గాక ఎవరో మర్యాదకు ఆమెను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. ఆమె చెప్పింది ఇంతే:

"ఆయప్పది మొండితనం కాదు నాయనా. నాలుగున్నర గంట తోలితే ముప్పావుగంట ఆపాలంట, అక్కడ చట్టం. నేను చేగోడీలు ఇస్తే తిని, ఫోనులో బిడ్డల ఫొటో చూపించినాడు. ఇల్లు వేరే దేశంలో అంట, చూసి రెండు నెలలైందంట. మన బస్సు తోలేవాళ్ళకి ఇట్లా ఎవరైనా ఆపనిస్తారా?"

సభ నిశ్శబ్దమైంది. ఆమె మాట అక్షరాలా నిజం. ఐరోపా కూటమి 2006లో చేసిన నిబంధన అది. మన దేశంలోనూ 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది, రోజుకు 8 గంటల పని అని రాసుకున్నాం. చెన్నై నుంచి తిరుపతికి టూరు బస్సులు మా ఊరి మీదుగానే పోతాయి. తెల్లవారుజామున రోడ్డుపక్క టీకొట్టు దగ్గర కళ్ళమీద నీళ్ళు చల్లుకునే డ్రైవర్లను మేము రోజూ చూస్తాం. ఆ చట్టం ఎంతవరకు నడిచిందో వాళ్ళ కళ్ళే చెబుతాయి.

భర్త ముప్పావుగంట ఆలస్యాన్ని చూశాడు, భార్య ఒక మనిషిని చూసింది. వ్యాసంలో అమాయకురాలిగా కనిపించిన ఆమే ఆ యాత్రలో అందరికంటే ఎక్కువ తెలుసుకున్నది. ఆమె మాట వ్యాసంలోకి ఎక్కకపోవడమే ఆ వ్యాసం లోపం. ఇది శిల్పలోపం కాదు, దృక్పథ లోపం.

మా పుత్తూరు కట్టు కోసం ఎముకలు విరిగినవాళ్ళు రాష్ట్రాలు దాటి వస్తారు. ఆకుపసరు, గుడ్డుసొన, వెదురుబద్దలు చూసి నవ్విపోయేవాళ్ళూ ఉన్నారు. కట్టు కట్టే చేతిని గమనించి, అడిగి తెలుసుకుపోయేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరూ మా ఊరికి వచ్చినవాళ్ళే. మా ఊరిని చూసింది రెండోవాళ్ళు.

నా మిత్రుడికి నా సూచన ఒకటే. హాస్యాన్ని వదులుకోవద్దు. ఊరగాయ సీసా ఉండనివ్వండి, తలల లెక్కా ఉండనివ్వండి. కానీ వ్యాసాన్ని ఈసారి ఆమె పక్కన కూర్చుని తిరగరాయండి. అప్పుడు కూడా మేము నవ్వుతాం. ఆ నవ్వు మీ మీదా, మా మీదా సమానంగా పడుతుంది.