ప్రతిజ్ఞాంతరం: అమెరికా అంతర్జాల కాపీరైట్ బిల్లులపై పక్షం మారిన ప్రకటనల పరిశీలన

2012 జనవరి 18న ఆంగ్ల వికీపీడియా రోజంతా తన పుటలను మూసివేసింది. అమెరికా ప్రతినిధుల సభ ముందున్న సోపా, సెనేట్ ముందున్న పిపా అనే రెండు బిల్లుల పట్ల అది తెలిపిన నిరసన. అనధికార ప్రతులను అందించే విదేశీ వెబ్‌సైట్లకు ప్రకటనల ఆదాయం, చెల్లింపుల సదుపాయం అందకుండా చేయడం, వాటి డొమైన్ పేర్లను అడ్డగించడం ఆ బిల్లుల ఉద్దేశం. ఆ రోజే పిపా సహప్రతిపాదకులైన సెనేటర్లు మార్కో రూబియో, రాయ్ బ్లంట్, ఆరిన్ హ్యాచ్ మద్దతు ఉపసంహరించుకున్నారు. 24న జరగవలసిన ఓటింగును హ్యారీ రీడ్ 20న వాయిదా వేశారు. దీన్ని అభిప్రాయ పరివర్తనగా వర్ణించడం పరిపాటి. పరివర్తన జరిగింది నిజమే గాని, ఏది మారిందన్నది ఆ ప్రకటనల పాఠంలో వెదకవలసిన విషయం.

వాది తన పక్షం నుండి జారిపోయే తీరులకు న్యాయసూత్రాలు పేర్లు పెట్టాయి. అవి చెప్పిన 22 నిగ్రహస్థానాల్లో రెండు ఇక్కడ ప్రస్తుతం. ఆక్షేపణ ఎదురైనప్పుడు ప్రతిజ్ఞకు కొత్త విశేషణం చేర్చి నిలబెట్టుకోజూడడం ప్రతిజ్ఞాంతరం. అసలు తానలా అనలేదని తప్పుకోవడం ప్రతిజ్ఞాసన్న్యాసం. రూబియో ప్రకటన రెండవ కోవకు చెందదు. అందులో సృజనకారుల హక్కులను కాపాడాలన్న మాట అలాగే ఉంది. అంతర్జాల స్వేచ్ఛకు, ప్రభుత్వాధికార విస్తరణకు సంబంధించిన ఆందోళన దానికి తోడైంది. ‘చట్టం కావాలి’ అన్న ప్రతిజ్ఞ ‘ఇలాంటిది కాని చట్టం కావాలి’ అని మారింది. బిల్లు ప్రస్తుత రూపంలో లోపభూయిష్టమన్న బ్లంట్ మాట కూడా ఈ దారిలోనిదే.

ఈ సడలింపు నిరసన దినానికి ముందే మొదలైంది. డొమైన్ అడ్డగింతపై పిపా ప్రతిపాదకుడు పాట్రిక్ లేహీ జనవరి 12న వెనక్కు తగ్గారు. మరునాడు సోపా ప్రతిపాదకుడు లమార్ స్మిత్ ఆ నిబంధనను తొలగిస్తామన్నారు. శాస్త్రవాదంలో ఓటమిగా లెక్కించేది శాసనసభలో సవరణ అన్న గౌరవనామం పొందుతుంది. డొమైన్ పేర్లు అమ్మే గో డాడీ సంస్థ నడక మరింత ఆసక్తికరం. ఖాతాదారులు తరలిపోతుండగా 2011 డిసెంబరు 23న అది సోపాకు మద్దతు మానుకున్నట్లు చెప్పింది. వ్యతిరేకిస్తున్నామని చెప్పడానికి మరికొన్ని రోజులు పట్టింది. మద్దతు లేకపోవడం వ్యతిరేకత కాదన్న సూక్ష్మభేదాన్ని ఆ సంస్థకు నేర్పింది తర్కం కాదు, వ్యాపారం.

పక్షం మారినవారు ముట్టుకోనిది ఒక రూపకం. పిపా పూర్తి పేరులోనే మేధాసంపత్తి ‘దొంగతనం’ అన్న మాట ఉంది. సోపా పేరులో ‘పైరసీ’ ఉంది. అనధికార ప్రతి దొంగసొత్తుతో సూటిగా సమానం కాదని అమెరికా సుప్రీంకోర్టు 1985లోనే డౌలింగ్ కేసులో తేల్చింది. ఎల్విస్ ప్రెస్లీ పాటల అనధికార రికార్డుల వ్యాపారం ఆ కేసులోని వివాదం. హక్కుల ఉల్లంఘన వేరు, వస్తువును అపహరించడం వేరు అన్న ఆ భేదాన్ని బిల్లుల పేర్లు చెరిపివేశాయి. మద్దతు ఉపసంహరణలు ఆ పేర్ల జోలికి పోలేదు.

తెలుగులో ఈ భేదం స్పష్టంగానే ఉంది. గ్రంథచౌర్యం అంటే ఇతరుల రచనను తనదిగా చెప్పుకోవడం. అక్కడ పోయేది కర్తృత్వం. పైరసీలో కర్త పేరు చెక్కుచెదరదు, పోయేది విక్రయహక్కు ఫలం. కావ్యమీమాంసలో రాజశేఖరుడు శబ్దార్థహరణాన్ని ఎన్నో భేదాలుగా విడదీసి, కొన్నింటిని విడువదగినవిగా, కొన్నింటిని గ్రహింపదగినవిగా చెప్పాడు. పైరసీని చౌర్యమని అనువదించినప్పుడు ఈ రెండు నష్టాలూ ఒకే మాట కిందికి చేరతాయి. తెలుగు పత్రికలు ‘పైరసీ’ని అనువదించకుండా అలాగే వాడుతూ రావడం బద్ధకంగా కనిపించవచ్చు గాని, ఈ ఒక్క విషయంలో ఆ వాడుక చౌర్యపదం కన్నా కచ్చితమైనది.