పాయింట్ల దగ్గర తేలే లెక్క

మోడల్ రైళ్ల మీద కొత్తగా మనసుపడ్డవాళ్లు ముందు ఇంజన్ చూస్తారు. రంగు, దీపాలు, కూత నచ్చితే కొనేస్తారు. నన్ను ఎవరడిగినా, బండిని తిరగేసి చక్రం చూడమంటాను.

మోడళ్లలో హెచ్‌ఓ కొలత అంటే అసలు రైలులో 87వ వంతు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. (మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ. కాబట్టి ఈ లెక్కన 19 దాటాలి. దుకాణంలో దొరికే 16.5 మీద మన బండి నడిపేవాళ్లు ఆ తేడాకు ఒప్పుకోవాల్సిందే.) అయితే గేజ్ ఒక్కటే కుదిరితే చాలదు. పట్టా ఎత్తుకు కోడ్ అంకె ఉంటుంది, అంగుళంలో వెయ్యో వంతుల్లో. కోడ్ 100 అంటే 2.54 మి.మీ., కోడ్ 83 అంటే 2.1. మన ప్రధాన మార్గాల్లో వేసే, మీటరుకు 60 కిలోల పట్టా ఎత్తు 172 మి.మీ. దాన్ని 87తో భాగిస్తే రెండు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. కంటికి కోడ్ 83 దగ్గరగా ఉండేది అందుకే.

చక్రం దగ్గర ఈ భాగహారం పనికిరాదు. మన రైలు చక్రం లోపలి వైపు అంచు (ఫ్లాంజ్) ఎత్తు కొత్తలో 28.5 మి.మీ. 87వ వంతు చేస్తే మిల్లీమీటరులో మూడో వంతే మిగులుతుంది. అంత పొట్టి అంచు బల్ల మీద పట్టాను పట్టుకోలేదు. అమెరికాలో 1935లో మొదలైన నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ సిఫారసు చేసిన ఆర్‌పీ-25 చక్రానికి హెచ్‌ఓలో దాదాపు 0.64 మి.మీ. ఫ్లాంజ్ ఉంటుంది. అందం కాస్త తగ్గినా నడక నిలిచింది. ఆ నిర్ణయం మీద నాకు గొప్ప గౌరవం. పాత యూరప్ బళ్లలో దీనికి రెట్టింపు లోతున్నవీ ఉన్నాయి. పొట్టి పట్టా మీద వాటి అంచులు స్లీపర్ల బొడిపెలకు తగిలి టకటకలాడతాయి.

తిన్నని దారిలో ఏ చక్రమైనా నడుస్తుంది. నిజం బయటపడేది బండి దారి మారే పాయింట్ల దగ్గరే. ఒక పట్టా మరోదాన్ని దాటే క్రాసింగ్‌లో ఫ్లాంజ్ వెళ్లడానికి సందు వదలాలి. ఫ్లాంజ్ మరీ లోతైతే సందు అడుగుకు తగిలి బండి పైకి లేస్తుంది. సందు వెడల్పై చక్రం సన్నదైతే అందులోకి దిగబడుతుంది. ఎదుటి పట్టా పక్కనున్న చెక్ రైల్, ఆ వైపు చక్రాన్ని లోపలి ముఖం దగ్గర ఆపి ఇరుసు పక్కకు జరగకుండా చూస్తుంది. అందుకే ఒకే ఇరుసు మీది రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం అన్నిటికన్నా ముఖ్యం. హెచ్‌ఓలో అది 14.4 మి.మీ. చుట్టుపక్కల ఉండాలి. తగ్గితే చెక్ రైల్ దగ్గర బిగుసుకుంటుంది, పెరిగితే ఫ్లాంజ్ క్రాసింగ్ ముక్కును గుద్దుతుంది. చాలామంది పట్టాను తిట్టి, విప్పి మళ్లీ వేస్తారు. దోషం ఇరుసుదైతే ఆ శ్రమంతా వృథా.

చూడముచ్చటగా ఉంటాయని 2.2 మి.మీ. వెడల్పున్న సన్న చక్రాలను కొన్ని వ్యాగన్లకే వేయడం నాకు సమ్మతం కాదు. వేస్తే బండి మొత్తానికీ వేయాలి, పాయింట్ల సందులూ వాటికి తగ్గట్టే ఉండాలి.

పట్టాలనూ చక్రాలనూ సందులనూ ఒకేసారి సరిచూసే చిన్న లోహపు రేకు గేజ్ ఆ అసోసియేషనే తయారుచేయిస్తోంది. మొదటి ఇంజన్ కొనకముందే దాన్ని తెప్పించుకోండి.