కల్నల్ తాతగారి బొమ్మ

తెల్లకోటు, పిల్లిగడ్డం, నల్లటి రిబ్బను టై. కేఎఫ్‌సీ బోర్డు మీది ఆ తాతగారిని మీరూ చూసే వుంటారు. పిల్లలు ఆయన్ని ఉత్త కార్టూను బొమ్మే అనుకుంటారు గాని, నిజంగా బతికిన మనిషేనండీ. పేరు హార్లండ్ సాండర్స్. 1930 ప్రాంతాల అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, ఓ పెట్రోలు బంకు దగ్గర దారినపోయేవాళ్ళకి వండి పెట్టేవాడు. ‘కల్నల్’ అన్నది గవర్నరుగారిచ్చిన బిరుదు. యుద్ధంలో సంపాదించింది కాదు. 1952 నించి తన కోడి వేపుడు పద్ధతిని ఇతరుల హోటళ్ళకి ఇవ్వడం మొదలెట్టాడు. దానితోబాటు ముఖమూ బోర్డెక్కింది.

1964లో వ్యాపారాన్ని ఇరవై లక్షల డాలర్లకి అమ్మేశాడు. ముఖమూ అమ్ముడయిపోయినట్టే! తర్వాత వాళ్ళ గ్రేవీ బాగాలేదని ఆయనే నలుగురిలో దుమ్మెత్తిపోశాడు. బోర్డు మీది బొమ్మ మాత్రం నవ్వుతూనే వుంది.

1980లో ఆయన పోయాడు. 1998లో ఆ బొమ్మని కదిలించి, చేతికర్ర తిప్పిస్తూ టీవీలో గంతులు వేయించారు. పోయిన పెద్దమనిషి చేత కుప్పిగంతులా? నాకు మనసొప్పలేదు. 2006లో కోటు విప్పించి ఎర్రటి ఏప్రన్ కట్టారు. అన్నిట్లోకీ నాకు నచ్చింది అదే. తెల్లకోటు తొడుక్కుని పొయ్యి ముందు ఎవరు నిలబడతారు చెప్పండి? 2018లో గాయని రీబా మెకెంటైర్ చేత కల్నల్ వేషం కట్టించారు, గడ్డం మీసాలతో సహా. వంట మనది, గడ్డం మాత్రం వాళ్ళది!

మన గోదావరి సీమలో హోటలు బోర్డు మీద కాకినాడ సుబ్బయ్యగారుంటే, జనం గుండెల్లో లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారున్నారు (1841–1909). ఆవిడ అన్నం అమ్మలేదు, వేళకాని వేళ వచ్చినవాళ్ళకి కూడా పెట్టింది. ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకానికి ఆవిడ ఫొటో అడిగితే, తీయించుకోవడానికి ఒక పట్టాన ఒప్పుకోలేదని మా వైపు చెప్పుకుంటారు.

2024లో ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు. సంతోషం. అయితే కల్నల్ కనీసం కొన్నేళ్ళు బతికుండి తన గ్రేవీ గురించి తనే దెబ్బలాడాడు. సీతమ్మగారికి ఆ వీల్లేదు. బడినించొచ్చిన పిల్లల్ని “ఇవాళ పప్పెలా వుందిరా?” అని అడగవలసింది మనమే.