ఒక్క బిట్ విలువ తెలిసిన పనితనం

మనం ఒక ఫొటో దాచుకున్నప్పుడు డిస్క్‌లో ఖాళీ చోటు ఎక్కడుందో కంప్యూటర్ వెతకాలి. లినక్స్‌లోని ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ ఆ లెక్కను బిట్‌మ్యాప్‌లో రాసుకుంటుంది: నిండిన బ్లాకుకు 1, ఖాళీ బ్లాకుకు 0. మామూలుగా వాడే 4 కేబీ బ్లాకు ఒక్కదానిలో 32,768 బ్లాకుల వివరం, అంటే 128 ఎంబీ చోటు లెక్కంతా ఇమిడిపోతుంది. ఎంత పొదుపైన పద్దు!

పొదుపు ఒక ఎత్తు, వేగం మరో ఎత్తు. ఒక్కో బిట్‌నూ తడుముతూ పోతే 32,768 పరీక్షలు చేయాల్సి రావచ్చు. పని తెలిసిన ప్రోగ్రామర్లు 64 బిట్లను ఒకే వర్డ్‌గా చదువుతారు. అన్నీ 1లే అయితే ఒక్క పోలికతో దాటేస్తారు. అప్పుడు చూడాల్సిన వర్డ్‌లు 512కు మించవు. ఎక్కడో ఒక 0 ఉన్న వర్డ్ దొరకగానే దాని బిట్లన్నీ తిరగేసి, కుడి చివర నుంచి మొదటి 1 ఎక్కడుందో ప్రాసెసర్‌నే అడుగుతారు. 1985 నాటి ఇంటెల్ 386 నుంచీ అందుకు ప్రత్యేక ఇన్‌స్ట్రక్షన్ ఉంది.

అసలు నేర్పు అంచుల దగ్గర తెలుస్తుంది. బిట్‌మ్యాప్ పొడవు 64 గుణిజం కాకపోతే చివరి వర్డ్‌లో మిగిలిన బిట్లను మాస్క్‌తో కప్పాలి. లేకుంటే అసలు లేని బ్లాకు ఖాళీగా కనిపిస్తుంది. రెండు కోర్లు ఒకే వర్డ్‌ను ఒకేసారి మారిస్తే ఒకదాని మార్పు పోవచ్చు. అందుకే అటామిక్ ఆపరేషనో, లాకో తప్పనిసరి.

2003లో వచ్చిన లినక్స్ 2.6 షెడ్యూలర్ 140 ప్రాధాన్య స్థాయుల్లో తర్వాతి పనిని ఎంచుకున్నదీ మొదటి 1ని వెతికే ఈ కిటుకుతోనే. సిస్టమ్స్ కోడ్ నేర్చుకునే విద్యార్థులు కెర్నెల్‌లోని బిట్ వెతుకులాట ఫంక్షన్లను తప్పక చదవాలి. పొదుపుగా, తప్పు లేకుండా రాయడం అక్కడ బాగా అలవడుతుంది.