బహుళమును వివక్షయు

చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) కర్మార్థమున వచ్చు ద్వితీయకు బదులుగా జడవాచకములకుఁ బ్రథమను బహుళముగా విధించినది. బహుళ మనఁగా నిచ్చవచ్చినట్లు ప్రయోగింపవచ్చునని పాఠశాలలయందుఁ జెప్పుట కలదు. ఆ వ్యాఖ్యానము లక్ష్యమునకుఁ జాలదు.

కోనసీమ కొబ్బరితోటలలోని దింపును గుఱించిన మాటలే యిందుకు నిదర్శనము. “కాయలు దింపిరి” యన్నప్పుడు జరిగిన పని యిట్టిదని మాత్రమే తెలియును. “కాయలను దింపిరి” యన్నప్పుడు శ్రోత యంతకుముందే యెఱిఁగిన కాయలని ప్రాయికముగాఁ దోఁచును. “కూలివానిని పిలిచిరి” యనుచోట నీ వికల్పమే లేదు. కాఁబట్టి యొక్క విభక్తిని రెండు కారణములు నిర్ణయించుచున్నవి. జడత్వము వస్తుధర్మము, ఎఱుక వక్తృశ్రోతల సంబంధము.

ఈ రెంటిని వేఱుపఱచి చూపిన నవీనసిద్ధాంతము ‘ఫంక్షనల్ డిస్కోర్స్ గ్రామర్’. హెంగెవెల్డు, మెకంజీ గార్లు 2008లో దీని గ్రంథమును బ్రకటించిరి. వక్తృవ్యాపారము, అర్థము, పదవాక్యరూపము, ధ్వని యని వారు నాలుగు స్థాయిలను జెప్పిరి. రూపస్థాయి మొదటి రెంటినుండియు, ధ్వనిస్థాయి పై మూఁటినుండియు గ్రహింపవచ్చును. తెలుఁగు ద్వితీయ కీ వ్యవస్థ చక్కఁగా సరిపడును.

సంధియందు ధ్వనియు నిట్లే పైస్థాయిని జూచును. “దింపితివి యిపుడు”, “దింపితివిపుడు” రెండును సాధువులు. “దింపి యిచ్చెను” అను క్త్వార్థమున మాత్రము సంధి లేదు. రెండుచోట్లను గలియవలసిన యచ్చులు ఇకారములే, భేదము రూపమునందున్నది.

పాణినీయమునందును స్థాయిభేదము కలదని కిపార్స్కీ, స్టాల్ గార్లు 1969లోఁ జూపిరి. అందుఁ గారకము కేవలార్థము గాదు, కేవలవిభక్తియుఁ గాదు. రెంటినడుమ నిలిచిన సేతువు. లోకమునఁ గత్తి కరణమే యైనను “కత్తి బాగుగాఁ గోయును” అనుచోఁ గర్త యగును. ఇది వివక్షాఫలము. నవీనులు వివక్షకుఁ దొలిస్థాన మిచ్చిరి గాని కారకమునకుఁ బ్రత్యేకస్థాయి నీయలేదు. పాత్రధర్మము నర్థమునకును, వాక్యసంబంధమును రూపమునకును బంచి పెట్టిరి. ఆ పంపకమునఁ గత్తి యొక్క కర్తృత్వ మెచ్చటిదో చెప్పుట కష్టము. పాణినీయు లిచ్చట మేలు.

సూరి బహుళమున దోషము లేదు. అది వికల్పము గల చోటును జెప్పినది, కారణమును జెప్పలేదు. ఆ కారణమును వివక్షయందు వెదకి విద్యార్థికిఁ జూపుట బోధకుని పని. లేనిచో బహుళ మనుమాట శాస్త్రము గాక శాస్త్రము మానిన చోటగును.